ఆట గుమ్మం బయట, పుస్తకం బీరువా లోపల

నిరుడు నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలకు రమ్మని ఒక పట్టణం నుంచి ఫోన్ వచ్చింది. పిలుపు నాకు కాదు, మా బడి పిల్లలకు. "మీ పిల్లలతో గుస్సాడి ఆడించండి సార్, ప్రారంభానికి కళ వస్తుంది" అన్నారు. కోలబోడి అయిపోయింది, నెమలి ఈకల టోపీలు దేవుడి దగ్గర పెట్టేశాం, మళ్ళీ దండారి దాకా వాటిని ముట్టం అని చెప్పాను. "అయితే ధింసా ఆడించండి, ఏదైనా ఒకటే కదా" అన్నారు. ఏదైనా ఒకటి కాదు. కానీ పిల్లలు పట్నం చూస్తారు, గ్రంథాలయం చూస్తారు అన్న ఆశతో ఒప్పుకున్నాను.

ఒక జీపులో పద్నాలుగు మందిమి ఇరుక్కుని వెళ్ళాం. గ్రంథాలయం మెట్ల ముందు పిల్లలు ఆడారు. ఫొటోలు తీసుకున్నారు. తరువాత సభ లోపల జరిగింది. పిల్లలకు బయట షామియానా కింద టీ, బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెట్టారు. లోపల ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ఆదివాసులను చాలా పొగిడాడు. ఆదివాసులది మౌఖిక సంస్కృతి అట. అడవే వాళ్ళకు గ్రంథాలయం అట. పుట్టుకతోనే కళాకారులు కాబట్టి పుస్తకాల అవసరం మనలాంటి వాళ్ళకే అట. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేను కూడా రెండు చప్పట్లు కొట్టాను. ఆ రెండు చప్పట్లకు సిగ్గుపడి ఇది రాస్తున్నాను.

తిరిగి జీపెక్కేటప్పుడు నాలుగో తరగతి పాప ఒకతి నన్ను అడిగింది: "సార్, ఆ ఇంట్ల ఏముంటది?"

మిత్రులారా, ఈ 'మౌఖిక సంస్కృతి' అనే మాటను మనం కూడా మురిసిపోతూ వాడుతున్నాం. మన సభల్లో, మన కరపత్రాల్లో, మన పుస్తకాల ముందుమాటల్లో వాడుతున్నాం. పాట మన నోట ఉంది, నిజమే. కానీ ఎదుటివాడు ఆ మాట అంటున్నప్పుడు దాని వెనుక ఏముందో చూడండి. మీకు పాట ఉంది కాబట్టి పుస్తకం అక్కరలేదు, పుస్తకం అక్కరలేదు కాబట్టి గ్రంథాలయం అక్కరలేదు, గ్రంథాలయం అక్కరలేదు కాబట్టి అక్కడ మేము పైసా ఖర్చు పెట్టనవసరం లేదు. పొగడ్తతో మొదలై పైసల దగ్గర తేలే లెక్క ఇది.

పోనీ, మనకు రాత లేదన్న మాటైనా నిజమా? ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల ఊళ్ళో గోండి రాతప్రతులు ఉన్నాయని 2006లో బయటి లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటి మీద పని చేశారు. వాటిలో కొన్ని 1750 ప్రాంతం నాటివని అంచనా కట్టారు. తెలుగుదీ కాదు, దేవనాగరీ కాదు, మనదే అయిన లిపి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఈరోజు కంప్యూటర్‌కు కూడా గుంజాల గోండి తెలుసు. తెలియనిది మైకు పట్టుకున్న ఆ పెద్దమనిషికి. నిజం చెప్పాలంటే మా బడిలో ముప్పావు మంది పిల్లలకు కూడా తెలియదు. ఎందుకంటే ఆ లిపిలో అచ్చయిన పుస్తకం పెట్టే బల్ల మా మండలంలో ఎక్కడా లేదు.

ఇంకా ఒకటి. 1940లో జోడెఘాట్‌లో భీం నేలకొరిగిన తరువాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ దొరను మన గూడేలకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, అక్కడే గోండు పిల్లగాళ్ళను పంతుళ్ళుగా తయారుచేసే శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండిలో వాచకాలు, దేవనాగరి అక్షరాలతో, అచ్చువేయించారు. ఎనభై ఏళ్ళ కింద మాట ఇది. మన మొదటి తరం గురూజీలు గోండి పుస్తకం చేతబట్టి పాఠం చెప్పారు. తరువాత మరాఠీ పోయి తెలుగు వచ్చింది, ఆ వాచకాలు బడిలోంచి మాయమయ్యాయి. నేను పంతులు శిక్షణ చదివిన రెండేళ్ళలో వాటి ఊసు ఒక్కసారి కూడా రాలేదు. పియాజే గురించి మూడు ప్రశ్నలు, మార్లవాయి గురించి సున్నా.

ఆ శిక్షణ రోజుల్లోనే నాకు గ్రంథాలయం అంటే ఏమిటో తెలిసింది. హాస్టల్‌లో ఆదివారం మధ్యాహ్నం ఉక్కపోతకు ఉండలేక, ఫ్యాన్ కింద కూర్చోవచ్చు కదా అని జిల్లా కేంద్రంలోని గ్రంథాలయానికి వెళ్ళాను. ఫ్యాన్ కోసమే వెళ్ళాను, దాచుకోవడం ఎందుకు. అక్కడ అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల దొరికింది. మా ఇళ్ళలో రాత్రుళ్ళు చెప్పుకునే మనిషి అట్ట మీద పేరై కనబడితే నాకు చెమటలు పట్టాయి. మన పేర్లు, మన ఊళ్ళు, మన వాగులు పుస్తకంలోకి ఎక్కవచ్చు అని ఆరోజే తెలిసింది. నాలుగు ఆదివారాల్లో చదివాను. ఐదో ఆదివారం ఒక నోటుబుక్ కొన్నాను. ఆ నోటుబుక్‌లో రాసినవన్నీ చెత్త, వాటిని ఎప్పుడో చింపేశాను. కానీ ఈ పుస్తకంలో నాకు ఇచ్చిన ఈ పేజీలు ఆ ఫ్యాన్ కింద మొదలయ్యాయి. అదే నవలను ఎవరైనా నాకు బహుమతిగా ఇచ్చి ఉంటే కూడా చదివేవాణ్ణే. కానీ ఎవరిస్తారు? మా ఇంట్లో అచ్చు కాగితం అంటే రేషన్ కార్డు, కాస్త చిరిగిన పంచాంగం.

తెలంగాణలో రచయితలు ఎలా పుట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం. తెలుగుకు బడిలో దిక్కులేని రోజుల్లో ఆ గదులే బడులు. వట్టికోట ఆళ్వారుస్వామి వంట చేసి బతికిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు, చివరికి 'ప్రజల మనిషి' రాశాడు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి బల్ల మీద పెట్టాడు. ఇవన్నీ మనకు పోటీ పరీక్షల్లో బిట్లుగా వస్తాయి. ఎనిమిది, పది తరగతుల పిల్లలు కూడా కంఠతా పడతారు. కవులు లేరు అన్నందుకు అంత రోషం వచ్చిన తెలంగాణలోనే, ఆదివాసులకు పుస్తకాలు అక్కరలేదు అంటే చప్పట్లు కొడతారు. నాలాంటివాడు కూడా కొడతాడు.

ఇప్పుడు పైసల సంగతికి వద్దాం. గ్రంథాలయాలు దేనితో నడుస్తాయి? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. 1960 చట్టం నుంచి వస్తున్న పద్ధతి. చూడటానికి న్యాయంగా ఉంది. కానీ మా గూడెం లెక్క వేయండి. అరవై ఇళ్ళు. ఇంటికి సగటున వంద రూపాయల పన్ను అనుకుందాం, అంతా వసూలైందనీ అనుకుందాం. ఏడాదికి 480 రూపాయలు. ఒక మంచి నిఘంటువు రాదు. అదే ఒక పట్టణంలో నాలుగు అంతస్తుల బట్టల దుకాణం ఒక్కటే మా మండలం మొత్తం కంటే ఎక్కువ సెస్సు కడుతుంది. పెద్ద ఇళ్ళున్న చోట పెద్ద గ్రంథాలయం, గుడిసెలున్న చోట అడవే గ్రంథాలయం. ఇందులో సంస్కృతి లేదు, కవిత్వం లేదు, ఇంటి పన్ను ఉంది. పైగా వసూలైన సెస్సు కూడా తమకు సరిగా జమ కావడం లేదని గ్రంథాలయ సంస్థలే మొత్తుకుంటున్నాయి.

ఐదో షెడ్యూలు ప్రాంతానికి ఇంటి పన్ను కొలబద్ద ఎందుకు? రోడ్డుకూ, ఆశ్రమ పాఠశాలకూ, ఆసుపత్రికీ మా గూడెం ఎంత పన్ను కట్టిందో అడగరు కదా. గిరిజనుల కోసం 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేశారు. సెస్సు రాని చోట ఆ నిధి నుంచి గ్రంథాలయం నడపాలని మన సంఘాల్లో ఏదైనా ఒక్క తీర్మానం చేసిందా? నేను ఉన్న సంఘం చేయలేదు. నేను ప్రతిపాదించనూ లేదు.

మన సంఘాల మాట వచ్చింది కాబట్టి కోపం తెచ్చుకోకండి. భీం విగ్రహానికి చందా ఎత్తితే వారంలో వసూలవుతుంది. విగ్రహం వద్దని అనడం లేదు, మా గూడెంలో పెట్టినప్పుడు నేనూ ఇచ్చాను. కానీ భీం చాందాకు పోయి ఒక అచ్చాఫీసులో పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలే చెబుతారు. ఎన్ని విగ్రహాలు చూశాను, అన్నింటి చేతిలో తుపాకే. అచ్చాఫీసు గురించి చెప్పే విగ్రహం ఒక్కటి కనబడలేదు.

బడి గ్రంథాలయం ఉంది కదా అంటారు. ఉంది. బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. తాళం నా దగ్గర ఉంది. ఎందుకు వేస్తామో పంతుళ్ళందరికీ తెలుసు, బయట చెప్పుకోరు. పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. ఆడిట్‌కు వచ్చినప్పుడు లెక్క తక్కువైతే పంతులు జవాబు చెప్పాలి, లేదా పైసలు కట్టాలి. పిల్లల చేతిలో పడ్డ పుస్తకం చిరుగుతుంది, తడుస్తుంది, మేకతో పాటు అడవికి పోతుంది. చదివిన పుస్తకం చిరిగితే తప్పు, చెదలు తిన్న పుస్తకం లెక్కకు సరి. నేను పదకొండేళ్ళు ఆ తాళం భద్రంగా కాపాడాను. వచ్చిన పుస్తకాలైనా ఎలాంటివి? నీతికథలు, మహాపురుషుల జీవితాలు, వ్యాస సంకలనాలు. ఒక్కదాంట్లో కూడా ఇప్పచెట్టు లేదు.

మా పిల్లలు బొమ్మ గీయమంటే ఏం గీస్తారో తెలుసా? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మా గూడెంలో కొబ్బరిచెట్టు ఒక్కటి లేదు. చుట్టూ టేకు, ఇప్ప, మోదుగ. దండారికి ముందు వాళ్ళ అమ్మలు గోడలకు మట్టి పూసి గీసే ముగ్గులు కళ్ళ ముందే ఉన్నాయి. అయినా కాగితం ఇస్తే కొబ్బరిచెట్టే. కాగితం మీద ఏం ఉండాలో వాళ్ళకు చూపించింది పాఠ్యపుస్తకం ఒక్కటే మరి. అడవే గ్రంథాలయం అన్న ఆయన ఒకసారి మా మూడో తరగతి డ్రాయింగ్ నోటుబుక్కులు చూడాలి.

హైదరాబాద్ పుస్తకాల పండుగలో ఒకసారి చెన్నైలోని తారా బుక్స్ వాళ్ళ 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' కొన్నాను. చేతితో చేసిన నల్ల కాగితం మీద సిల్క్ స్క్రీన్‌తో అచ్చువేసిన చెట్ల బొమ్మలు. గీసినవాళ్ళు ముగ్గురు: దుర్గాబాయి, భజ్జు శ్యామ్, రాంసింగ్ ఉర్వేతి. మధ్యప్రదేశ్ గోండు పర్ధాన్లు. మన దగ్గర కిక్రీ వాయించి మన వంశకథలు పాడే పర్ధాన్ల బంధువులే అనుకోండి, నర్మద దిక్కున ఉన్నారు. ఆ పుస్తకానికి 2008లో ఇటలీలోని బొలోనియా పిల్లల పుస్తకాల సంతలో బహుమతి వచ్చింది. ధర చూసి రెండుసార్లు వెనక్కి పెట్టాను, మూడోసారి కొన్నాను.

బడిలో తెరిస్తే పిల్లలు ముందు వాసన చూశారు. తరువాత వేళ్ళతో రంగును తడిమారు, అచ్చు కాగితం మీద ఎత్తుగా తగులుతుంది. చెట్టులో పాము, చెట్టులో జింక, కొమ్మలే కొమ్ములు. "ఇట్ల గీయొచ్చా సార్?" అని ఐదో తరగతి పిల్ల అడిగింది. గీయొచ్చు అన్నాను. మరుసటి రోజు ఆ పిల్ల ఇప్పచెట్టు గీసింది. కొమ్మలు చేతుల్లా ఉన్నాయి, చెట్టు మొదట్లో గంపతో వాళ్ళ అవ్వ ఉంది, రాలే పువ్వులన్నీ చుక్కలు. కొబ్బరిచెట్టు ఆ తరగతి నుంచి నెల రోజుల్లో వెళ్ళిపోయింది. నేను డ్రాయింగ్ నేర్పలేదు, నాకు రాదు. పుస్తకం ఒకటి బల్ల మీద తెరిచి పెట్టాను, అంతే. ఆ రోజు నుంచి బీరువా తాళం తీసేశాను. ఇప్పటికి పుస్తకాలు పదమూడు తగ్గాయి. ఆడిట్ వస్తే కడతాను.

ఈ చిత్రకారులందరికీ ముందు నడిచినవాడు జంగఢ్ సింగ్ శ్యామ్. పాటన్‌గఢ్ అనే ఊళ్ళో గోడల మీద బొమ్మలు గీసే కుర్రవాడు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ పెడుతున్నప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ మనుషులు ఆ గోడలు చూసి అతన్ని తీసుకెళ్ళారు. కాగితం, రంగులు, పని చేసుకునే చోటు, అందరి పనీ చూసే వీలు ఇచ్చారు. పుట్టుకతో కళాకారుడే, కాదనను. పుట్టుక ఒక్కటే చాలితే గోడ దగ్గరే ఆగిపోయేవాడు. వాన కాలానికి ఆ గోడ కూడా కరిగిపోయేది.

మా గూడెంలో కరిగిపోయిన గోడ ఒకటి ఉంది, అది మా పర్ధాన్ తాత. పెర్సాపేన్ పూజ దగ్గర రాత్రంతా కిక్రీ మీద కథ నడిపేవాడు. ఆయన కథ చెబుతుంటే పటేల్ కూడా లేచి పోయేవాడు కాదు. పట్నాల నుంచి టేప్ రికార్డర్లు, తరువాత వీడియో కెమెరాలు పట్టుకుని మనుషులు వచ్చేవాళ్ళు. ఒకరోజు నన్ను అడిగాడు: "గురూజీ, నా పాట వాళ్ళు యాడ పెట్టిన్రు? ఒక్కసారి ఇనిపియ్యరాదు. నడిమిట్ల ఒక తావు మర్సిపోతున్న." తన పాట తానే మరిచిపోతూ, తన పాత గొంతును అరువు అడిగాడు ఆయన. నేను నాలుగు చోట్ల ఫోన్ చేశాను. ఒకరు రిటైర్ అయ్యారు. ఒకరు క్యాసెట్ పాడైంది అన్నారు. ఒకరు దరఖాస్తు పెట్టుకోమన్నారు, పెట్టాను. తాత పోయిన ఏడాదికి కూడా జవాబు రాలేదు. ఆయన మనవడు ఇప్పుడు పెళ్ళిళ్ళలో డీజే నడుపుతాడు. తప్పు పట్టను, వినడానికి తాత గొంతు ఎక్కడా లేదు వాడికి.

మన తాతల ఫొటోలు, హైమన్‌డార్ఫ్ తీసినవి, లండన్‌లో సోయాస్ గ్రంథాలయం వాళ్ళు భద్రంగా దాచారు. దాచినందుకు దండం పెడతాను, ఇక్కడే ఉంటే చెదలు తినేవేమో. కానీ వాటి నకళ్ళు మార్లవాయిలో ఒక గదిలో గోడ నిండా ఉండకూడదా? మన మీద రాసిన పుస్తకాలున్న గిరిజన పరిశోధనా సంస్థ హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉంది, మాకు 300 కిలోమీటర్లు. పరిశోధకుడికి దగ్గర, పాడేవాడికి దూరం. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడికి, మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య గారికి కోయ డోలు కథకు పద్మశ్రీలు ఇచ్చారు. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు. మెడల్ ఇంటి గోడకు ఉంటుంది. వాళ్ళ ఆట, వాళ్ళ కథ మొదటి నుంచి చివరి దాకా ఒక కోయ పిల్ల, ఒక గోండు పిల్లగాడు వెళ్ళి వినే, చూసే గది ఏ మండలంలో ఉందో నాకు చూపించండి. నేను తిరిగిన శాఖా గ్రంథాలయాల్లో కనబడింది దినపత్రికలు, గ్రూప్ పరీక్షల పుస్తకాలు. ఉద్యోగం కావాలి, ఆ పుస్తకాలూ ఉండాలి. కానీ గ్రంథాలయం అంటే కోచింగ్ సెంటర్ పక్కగది అయిపోయింది.

ఫోన్ ఉంది కదా సార్, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి అంటారు కుర్రాళ్ళు. ఎవరో పెట్టినవే ఉంటాయి. తాత పాట ఎవరూ పెట్టలేదు. మా గూడెంలో సిగ్నల్ కోసం చెట్టెక్కే సంగతి వేరే.

మీ వాళ్ళు చదవరు అంటారు ఇంకొందరు. కేరళలో ఇడమలక్కుడి అనే అడవి పంచాయతీ ఉంది, ముత్తువాన్ ఆదివాసులది. అక్కడ ఒక టీకొట్టులో 160 పుస్తకాలతో నడిచిన గ్రంథాలయం గురించి పాలగుమ్మి సాయినాథ్ 2014లో రాశారు. కొట్టు నడిపే పెద్దాయన గోనెసంచుల్లో పుస్తకాలు పెట్టుకుని, ఎవరు తీసుకున్నారో నోటుబుక్‌లో రాసుకుని అరువిచ్చేవాడు. వాళ్ళు తీసుకెళ్ళి చదివినవి చిన్నపిల్లల కథలు కావు, సాహిత్యం. అక్కడికి పోవాలంటే గంటల తరబడి అడవిలో నడవాలి. మా మండల కేంద్రానికి తారు రోడ్డు ఉంది.

మండలానికి ఒక గది అడుగుతున్నాను. అందులో గోండి, కోలామీ, కోయ భాషల్లో అచ్చయిన ప్రతి ముక్క ఉండాలి. గుంజాల ప్రతుల నకళ్ళు ఉండాలి. బయట దాచిన మన పాటల, ఫొటోల నకళ్ళు తెప్పించి, అడిగినవాడికి వినిపించాలి, చూపించాలి. కాగితం, రంగులు ఉండాలి. గోడకు ఒక కిక్రీ వేలాడాలి, వాయించడానికి, చూడటానికి కాదు. గ్రంథపాలకుడిగా పర్ధాన్ లేదా తోటి కుటుంబం పిల్లను పెట్టాలి. జీవో 3 పోయాక మా పంతుళ్ళ కొలువులకే దిక్కులేదు, ఇది ఇస్తారా అంటారేమో. అడగకుండా ఇచ్చింది ఇప్పటిదాకా ఏదీ లేదు. చిరిగిన పుస్తకానికి పంతులు దగ్గర వసూలు చేసే పద్ధతి కూడా ఎత్తేయాలి.

ఈ ఏడాది మళ్ళీ ఫోన్ వచ్చింది. అదే పట్టణం, అదే గొంతు. ఈసారి ధింసా చాలన్నారు. పిల్లలు పొద్దున పదింటికే వస్తారు, ముందు రెండు గంటలు లోపల పుస్తకాల దగ్గర కూర్చుంటారు, చేతులతో ముట్టుకుంటారు, ఆ తరువాతే ఆట అని చెప్పాను. పై వాళ్ళను అడిగి చెబుతామన్నారు.